రొయ్యకు టీకా ఎందుకు లేదు?

కొలకలూరు స్టేషనులో రైలెక్కి తెనాలిలో దిగి, అక్కడినుండి రేపల్లె బండి పట్టుకున్న ప్రయాణికునికి కృష్ణా పశ్చిమ డెల్టా స్వరూపమంతా ఒక్క పూటలో అవగతమవుతుంది. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోతున్నంతసేపు కాలువల క్రింది మాగాణి. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు బస్సులో సాగితే నేల క్రమంగా చవుడు బారుతుంది, వరి పలుచబడుతుంది. నలుచదరపు చెరువులు, వాటిలో నీటిని చిలికే ఏరియేటర్లు కనిపిస్తాయి. అవి రొయ్యల చెరువులు. అటువంటి ఒక చెరువు గట్టుమీద మా మేనమామగారు నన్నడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

"అబ్బాయీ, పిల్లలకు టీకా ఉంది. గొడ్లకు గాలికుంటు టీకా ఉంది. కోళ్లకు కొక్కెర తెగులు టీకా ఉంది. రొయ్యకు మాత్రం ఎందుకు లేదు? కాలేజీలో జంతుశాస్త్రం చెబుతావు గదా, చెప్పు!"

ఆ ప్రశ్న వెనుక 1994వ సంవత్సరం ఉన్నది. అంతకుముందు మూడు నాలుగేండ్లుగా మన కోస్తాలో టైగర్ రొయ్యల సాగు ఉప్పెనవలె విస్తరించింది. భూములు కౌలుకు తీసుకున్నవారు, నగలు తాకట్టు పెట్టినవారు, అప్పు చేసి చెరువు త్రవ్వినవారు ఎందరో. 1992-93లో చైనా, తైవాన్, జపాన్ చెరువులను దెబ్బతీసిన తెల్లమచ్చ వ్యాధి 1994 ద్వితీయార్ధంలో మన తూర్పు తీరంలో అడుగుపెట్టింది. దీనిని రైతులు నేటికీ వైట్ స్పాట్ అనే పిలుస్తారు. రొయ్య మేత మానివేస్తుంది, నీటి అంచుకు వచ్చి నీరసంగా తిరుగుతుంది, తల పెంకుమీద అర మిల్లీమీటరునుండి రెండు మిల్లీమీటర్ల వరకు తెల్లని మచ్చలు తేలుతాయి. మొదటి లక్షణం కనిపించిన మూడునుండి పది దినాలలో చెరువు చెరువంతా చచ్చిపోవచ్చును. మామగారి చెరువు ఆ సంవత్సరమే పోయింది. ఆ అప్పు తీరడానికి ఎన్నేండ్లు పట్టిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుటకు ముందు మరొక జలచరాన్ని పరిచయం చేయవలసి ఉన్నది. అది సాల్మన్ చేప. నార్వే, చిలీ దేశాల చల్లని సముద్రపు నీటిలో పెద్ద పెద్ద వల పంజరాలలో దీనిని పెంచుతారు. దానికీ వైరస్ పీడ తప్పలేదు. సాల్మన్ రక్తహీనత అనే అంటువ్యాధి 1984లో నార్వేలో బయటపడింది. 2007లో అదే వ్యాధి చిలీ దేశపు సాల్మన్ పరిశ్రమను కూలదోసింది. అయితే సాల్మన్ పెంపకందారుని చేతిలో మన రైతుకు లేని ఆయుధం ఒకటి ఉన్నది. మంచినీటి తొట్లలో పెరిగిన పిల్లను సముద్రంలోనికి పంపేముందు దానికి మత్తు ఇచ్చి, ఒక్కొక్కదానికీ పొట్టలో సూది వేస్తారు. లక్షలాది చేపలకు ఒక్కొక్కటిగా టీకా! వినడానికి విడ్డూరంగా ఉన్నా అక్కడ అది నిత్యకృత్యం.

ఆ సూది ఎట్లు పనిచేస్తుంది? చేప వెన్నెముక గల ప్రాణి. మనవలె దానికీ థైమస్ గ్రంథి, ప్లీహం ఉన్నాయి. మనకు ఎముక మజ్జ చేసే పనిలో చాలా భాగం దాని మూత్రపిండపు ముందు భాగం చేస్తుంది. వైరస్ ప్రవేశించగానే కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి పొరుగు కణాలను హెచ్చరిస్తాయి. ఇది తొలి రక్షణ. తరువాత కొన్ని తెల్లకణాలు ఆ శత్రువు ఆకృతికి సరిగా అతుక్కునే ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. శత్రువు పోయిన తరువాత కూడా ఆ గుర్తును మోసే కణాలు కొన్ని శరీరంలో నిలిచి ఉంటాయి. 1796లో జెన్నర్ మశూచికి వేసిన మొదటి టీకా మొదలుకొని నేటి వరకు ప్రతి టీకా ఈ జ్ఞాపకశక్తిమీదనే ఆధారపడి ఉన్నది. చేప శీతల రక్త జంతువు గనుక ఈ పని నీటి వేడిమిని బట్టి సాగుతుంది. అందుచేత టీకా ఫలించే కాలాన్ని వారు రోజులలో కాక, రోజులను ఉష్ణోగ్రతతో గుణించి లెక్కిస్తారు. సుమారు 400 నుండి 500 రావలెను. అనగా పది డిగ్రీల నీటిలో నలుబది, ఏబది దినాలన్నమాట.

ఇక రొయ్య సంగతి. ఉర్దూ మాట్లాడే మిత్రులు దీనిని ‘ఝీంగా మఛ్లీ’ అంటారు, పేరులోనే చేపను చేసివేశారు! మనమూ చేపలూ రొయ్యలూ అని జంటగానే పలుకుతాము. జీవశాస్త్రం దృష్టిలో రొయ్యకు దగ్గరి చుట్టం పీత, దూరపు చుట్టం బొద్దింక. చేపతో బంధుత్వం బహుదూరం. దానికి వెన్నెముక లేదు, ప్రతిరక్షకాలు లేవు, మన తెల్లకణాల వంటి జ్ఞాపక కణాలు లేవు.

అంతమాత్రాన అది నిరాయుధ అనుకొనరాదు. మొదటి కోట దాని పెంకు. లోపల ప్రవహించే ద్రవంలో రాగి గల హీమోసయనిన్ ఉన్నందున అది లేత నీలిరంగులో ఉంటుంది. ఆ ద్రవంలోని కణాలు చొరబడిన క్రిమిని మ్రింగుతాయి, లేదా చుట్టుముట్టి నల్లని పదార్థంతో సమాధి చేస్తాయి. గాయపడిన రొయ్యపై కనిపించే నల్లమచ్చ ఆ యుద్ధపు ఆనవాలే. పెనియిడిన్లు అనే చిన్న ప్రొటీన్లు బాక్టీరియాను, బూజును చంపుతాయి. కాని వైరస్ కణం లోపల దాగి పనిచేసే శత్రువు. దానిమీద ఈ ఆయుధాలు చాలవు. ఒకసారి సోకి బ్రతికిన రొయ్యలు కొన్ని వారాలపాటు అదే వైరస్‌ను తట్టుకోవడం జపాన్ శాస్త్రజ్ఞులు గమనించారు. వైరస్ ప్రొటీనును మేతలో కలిపి పెట్టినా, జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను సూదితో ఎక్కించినా కొంత రక్షణ కలిగినట్లు ప్రయోగశాల తొట్లలో తేలింది. కాని అది అల్పకాలికం.

పైగా లెక్క చూడండి. చదరపు మీటరుకు 40 పిల్లలు వేసినా ఎకరం చెరువులో లక్షా అరవై వేల ప్రాణులు. నాలుగైదు కిలోలు తూగే సాల్మన్‌కు సూది ఖర్చు గిట్టుతుంది. మూడు నాలుగు నెలలలో పట్టుబడికి వచ్చి ముప్పై గ్రాములు తూగే రొయ్యకు ఎవరు వేయగలరు?

కనుకనే దుకాణాలలో రోగనిరోధక శక్తి పెంచుతుందంటూ అమ్మే డబ్బాలను చూచినప్పుడు నాకు బాధ కలుగుతుంది. బీటా గ్లూకాన్ వంటివి రొయ్య రక్తకణాలను కొంత ఉత్తేజపరుస్తాయన్నది నిజమే. కాని తెల్లమచ్చ సోకిన చెరువును ఏ డబ్బా కాపాడదు. యాంటీబయాటిక్‌లు అసలే పనికిరావు. అవి బాక్టీరియాకు మందు గాని వైరస్‌కు కాదు. వాటి అవశేషాలు బయటపడి విదేశాలు మన సరుకును త్రిప్పిపంపిన సందర్భాలున్నాయి.

రొయ్య శరీరం గుర్తుంచుకోలేనిది రైతు గుర్తుంచుకోవలసి వస్తున్నది. ఈ వైరస్ తల్లి రొయ్యనుండి పిల్లకు రాగలదు. చచ్చిన రొయ్యను తోటి రొయ్య తింటే సోకుతుంది. పీతలు మోస్తాయి, కాకులు, కొంగలు ఒక చెరువు శవాన్ని మరొక చెరువులో జారవిడుస్తాయి, కాలువ నీరు తెస్తుంది. 1994లో సముద్రంలో పట్టిన తల్లి రొయ్యల పిల్లలనే వేసేవారు. వాటిలో ఏది రోగిష్టిదో కంటికి తెలియదు. కోవిడ్ కాలంలో, 2020లో, ఇంటింటా వినిపించిన పీసీఆర్ పరీక్షే రొయ్య పిల్లలోని వైరస్‌నూ పట్టి యిస్తుంది. 2009నుండి అనుమతించిన వనామీ రొయ్యకు తల్లి రొయ్యలను నిర్దిష్ట రోగాలు లేనివిగా విదేశాలలో పెంచి తెస్తున్నారు. చెన్నైలోని నీలాంకరై కేంద్రంలో కొన్నాళ్లు విడిగా ఉంచి, పరీక్షించి, తరువాతనే హేచరీలకు ఇస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. రోగం లేని పిల్ల వేరు, రోగానికి లొంగని పిల్ల వేరు. శుభ్రమైన పిల్లను మురికి నీటిలో వదిలితే అదీ చస్తుంది.

ఇదంతా విని మామగారు, "అయితే పిల్ల మంచిది తెస్తాను, చెరువు నెర్రెలిచ్చేదాకా ఎండబెడతాను, నీరు సన్నని గుడ్డలో వడగట్టి బ్లీచింగు చల్లుతాను, పీతలకు వల కంచె కడతాను. పైగట్టు ఆయన రోగం నీళ్లు రాత్రిపూట కాలువలోకి వదిలితే?" అన్నారు.

రోగం వచ్చిన చెరువు నీటిని బ్లీచింగుతో శుద్ధి చేయనిదే బయటకు విడువరాదని నియమం ఉన్నది. తీరప్రాంత ఆక్వాకల్చర్‌కై 2005లో ప్రత్యేక చట్టమే వచ్చింది. కాని ఒకే కాలువనుండి తోడుకొని, ఒకే కాలువలోనికి వదిలే నలభై చెరువులలో ఒక్కడు నియమం తప్పితే చాలును. సాల్మన్ దేశాలలో సైతం టీకా ఒక్కటే గట్టెక్కించలేదు. రోగం కనిపించిన పంజరాలను ఖాళీ చేయడం, ఒక ప్రాంతంలోని వారందరూ కలసి కొంతకాలం సాగు ఆపి నీటికి విరామం ఇవ్వడం కూడా అక్కడ అవసరమైనాయి. ఈ మాట చెప్పగా మామగారు చాలాసేపు ఆలోచించారు. పై ఆదివారం ఆ కాలువ వెంబడి రైతులందరినీ చెరువు షెడ్డు దగ్గరకు పిలుస్తానని, నన్నూ రమ్మని చెప్పి, బస్సు దాకా సాగనంపారు.