సీటు కుదిరితేనే... సొంత విమానం!

ఇంట్లోనే విమానం కట్టుకునేవారికి రెక్కలు బిగించడం, ఇంజిను కూర్చోబెట్టడం పెద్ద పనుల్లా కనిపిస్తాయి. అవి పూర్తయ్యాక ‘ఇక సీట్లు వేసుకోవడమేగా’ అనుకుంటే మాత్రం పొరపాటే. కూర్చునే చోటు, సామాను పెట్టే అర... ప్రాణాల్ని నిలబెట్టేవీ, తీసేవీ ఈ రెండే కావచ్చు.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే సీటు దొరకడమే గొప్ప. కాళ్ల దగ్గర బియ్యం మూట, పైన సూట్‌కేసు, ఒళ్లో పిల్లాడు... ఎవరి సామాను ఎక్కడుందో డ్రైవరుకు పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. అదే, ఇద్దరు కూర్చునే చిన్న విమానమైతే ఆ మూటను ఓ మీటరు వెనక్కి జరిపినా లెక్క మారిపోతుంది. ఆ లెక్క చూసుకోవాల్సింది ఏ విమానాశ్రయ సిబ్బందో కాదు, విమానాన్ని తన షెడ్డులో కట్టుకున్న మనిషే.

విమానం ఇంట్లో కట్టడమేంటి అని ఆశ్చర్యపోనక్కర్లేదు. అమెరికాలో ఇలాంటి ఔత్సాహికులంతా కలిసి 1953లోనే ‘ఎక్స్‌పరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ పెట్టుకున్నారు. రెక్కలు, తోక, మధ్యభాగం... అన్నీ విడివిడిగా పెట్టెల్లో వస్తాయి. వాటిని కిట్ అంటారు. కొనుక్కున్నవాళ్లు రివెట్లు కొట్టుకుంటూ, వైర్లు లాక్కుంటూ నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి కూర్చుకుంటారు. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసి ఉండాలన్నది అక్కడి నిబంధన.

మనవాళ్లూ ఉన్నారు. కేరళలోని అలప్పుళకు చెందిన అశోక్ తామరాక్షన్ బ్రిటన్‌లో ఇంజినీరు. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో దక్షిణాఫ్రికా సంస్థ తయారుచేసే నాలుగు సీట్ల ‘స్లింగ్’ కిట్‌ను తెప్పించుకున్నారు. సుమారు ఏడాదిన్నర కష్టపడి విమానాన్ని సిద్ధం చేశారు. చిన్న కూతురి పేరు కలిసేలా దానికి ‘జి-దియా’ అని పెట్టుకుని, 2022లో కుటుంబంతో ఐరోపా దేశాలు చుట్టొచ్చారు. ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్ అయితే తాము ఉండే భవనం డాబా మీదే ఆరు సీట్ల విమానం కట్టారు. దాన్ని 2016లో ‘మేకిన్ ఇండియా’ ప్రదర్శనలో ఉంచితే జనం విరగబడి చూశారు.

ఓ దిండు చేసిన పని

ఇంతకీ సీటుకి అంత ప్రాధాన్యం ఎందుకు? ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఓ సంఘటన ఉంది.

1997 అక్టోబరు 12. కాలిఫోర్నియాలోని మాంటెరీ. అమెరికన్లు ఎంతగానో అభిమానించే గాయకుడు జాన్ డెన్వర్ కొత్తగా కొనుక్కున్న ‘లాంగ్-ఈజీ’ విమానంలో బయల్దేరారు. దాని రూపకర్త బర్ట్ రూటన్. అది కిట్ కూడా కాదు, ఆయన అమ్మిన నక్షాల్ని చూసి మరొకరు ఇంట్లో కట్టిన విమానం. ఒక ట్యాంకులో పెట్రోలు అయిపోతే రెండో ట్యాంకుకు మార్చే మీటను పైలట్ కాళ్ల మధ్య పెట్టమని నక్షాలో ఉంది. కట్టిన వ్యక్తి మాత్రం దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చారు. తిప్పాలంటే సీట్లోనే ఒళ్లంతా వెనక్కి తిప్పాలి.

ఇక్కడే సీటు సంగతి వచ్చింది. పాదాల దగ్గరుండే పెడళ్లు సరిగ్గా అందడానికి డెన్వర్ వీపు వెనక దిండు పెట్టుకున్నారు. దిండు పెడితే పెడళ్లు అందుతాయి, కానీ వెనకున్న మీట మరింత దూరమైపోతుంది. బయల్దేరే ముందు ఓ మెకానిక్ పటకారు లాంటి పనిముట్టును మీటకు తగిలించి చూశాడు. అయినా అందలేదు. కాసేపటికి విమానం సముద్రంలో కూలిపోయింది. ఆయన వయసు 53 ఏళ్లు. మీట తిప్పబోతూ పొరపాటున కుడి పెడల్‌ను తొక్కడంతో విమానం అదుపు తప్పిందని దర్యాప్తు సంస్థ తేల్చింది. మీటను అలా మార్చడం, బయల్దేరే ముందు ఇంధనం సరిగ్గా చూసుకోకపోవడం, ఆ రకం విమానం మీద తగినంత శిక్షణ లేకపోవడం కూడా కారణాలేనంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొత్తవారికి మొదట చెప్పే మాట ఒకటే. సీటు తాత్కాలికంగా బిగించి, బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రతి మీటనూ ముట్టుకుని చూడమని. ఏ ఒక్కటి అందకపోయినా దిండు సర్దడం కాదు, సీటునే సరిచేయాలి.

పడుకుని ఎగిరిన రోజులు

అసలు తొలి విమానానికి సీటే లేదు. 1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ కింది రెక్క మీద బోర్లా పడుకునే ఎగిరాడు. నడుముకు చుట్టూ ఉన్న ఊయల లాంటి చట్రాన్ని అటూ ఇటూ కదిలిస్తే రెక్కల చివర్లు మెలితిరిగేవి. 1908 నాటికి గానీ రైట్ సోదరులు కూర్చునే ఏర్పాటు చేసుకోలేదు. ఆ ఏడాది మే 14న సహాయకుడు చార్లీ ఫర్నాస్ వాళ్ల విమానంలో తొలి ప్రయాణికుడయ్యాడు. గమ్మత్తేమిటంటే, అప్పట్నుంచి వాళ్లు ప్రయాణికుడిని ఇంజినుకీ పైలట్‌కీ నడుమ, సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టేవారు. అతనున్నా లేకున్నా రెక్కల తూకం చెడకూడదుగా మరి! సీటు ఎక్కడ వేయాలన్నది సుఖం చూసి కాదు, తూకం చూసి తేల్చాలని వాళ్లకి అప్పుడే తెలుసు.

మెత్తదనమే ముప్పు

కిట్‌తో వచ్చే సీటు చాలాసార్లు అల్యూమినియం రేకో, ఫైబర్ తొట్టో మాత్రమే. దాని మీద ఏం వేసుకోవాలన్నది కట్టేవాళ్ల ఇష్టం. చాలామంది సోఫాలో వేసే మెత్తటి స్పాంజిని కొని తెచ్చేస్తారు. కూర్చుంటే హాయిగానే ఉంటుంది. కానీ విమానం గట్టిగా నేలను తాకినప్పుడు ఆ స్పాంజి అప్పడంలా అణిగిపోతుంది. మనిషి ముందు కిందికి జారి, అప్పటికే ఆగిపోయిన రేకును దబ్బున కొట్టుకుంటాడు. ఆ దెబ్బంతా వెన్నెముకకే. అందుకే నెమ్మదిగా అణిగి నెమ్మదిగా లేచే ప్రత్యేకమైన ఫోమ్‌ను వాడతారు. ఇప్పుడు పరుపుల దుకాణాల్లో ‘మెమరీ ఫోమ్’ పేరుతో అమ్మేది దాని చుట్టమే. 1960ల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం విమానాల సీట్ల మీద చేసిన పరిశోధనల్లోంచే అది పుట్టింది.

మందం విషయంలోనూ జాగ్రత్త కావాలి. రెండంగుళాలు ఎత్తు పెంచితే తల పైన అద్దానికి తగలొచ్చు. తగ్గిస్తే ముందున్న రన్‌వే కనిపించకపోవచ్చు. పైన వేసే గుడ్డ నుంచి చిన్న ముక్క కత్తిరించి, ఆరుబయట నిప్పంటించి చూస్తారు. మంట తీసేయగానే ఆరిపోయేదే పనికొస్తుంది.

బెల్టు సంగతి మరీ ముఖ్యం. భుజాల మీదుగా వచ్చే పట్టీల్ని సీటు వీపుకి కాకుండా విమానం చట్రానికి బిగిస్తారు. వాటిని భుజాల కన్నా బాగా కిందికి బిగిస్తే, ప్రమాదంలో మనిషిని పట్టి ఆపడం అటుంచి వెన్నును కిందికి నొక్కేస్తాయి. కాపాడాల్సిన పట్టీయే గాయం చేస్తుందన్నమాట.

ఎడ్లబండి చెప్పే పాఠం

ఇక సామాను. కరీంనగర్ పల్లెల్లో ఎడ్లబండి తోలిన పెద్దాయన్ని అడిగితే ఈ పాఠం చిటికెలో చెప్పేస్తాడు. బస్తాలన్నీ ఇరుసుకి ముందు వేస్తే బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు తాడు బిగుసుకుంటుంది. బండి కదలాలంటే బరువు ఇరుసు మీదే నిలవాలి.

విమానానికీ అంతే. ఇరుసు స్థానంలో రెక్కలుంటాయి. మొత్తం బరువు ఏ బిందువు దగ్గర తూగుతుందో అదే గరిమనాభి. అది ముందుకో వెనక్కో కొద్ది దూరమే జరగొచ్చని తయారీదారులు గీత గీస్తారు. దీని లెక్క బడి పిల్లలు కూడా చేయగలరు. ఉదాహరణకు, ఓ విమానం ఖాళీ బరువు 300 కిలోలు, ముక్కు దగ్గర్నుంచి 1.8 మీటర్ల దూరంలో తూగుతుంది అనుకుందాం. 2.2 మీటర్ల దగ్గర ఇద్దరు మనుషులు, కలిపి 150 కిలోలు. వెనక 2.9 మీటర్ల దగ్గర అరలో 20 కిలోల సంచి. ఒక్కో బరువునీ దాని దూరంతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే తూకం 1.97 మీటర్ల దగ్గర నిలుస్తుంది. అదే అరలో 60 కిలోలు కుక్కితే? 2.05 మీటర్లకు పోతుంది. అంటే ఏడు సెంటీమీటర్లకు పైగా వెనక్కి!

ఏడు సెంటీమీటర్లేగా అనుకోవద్దు. చిన్న విమానాల్లో అనుమతించే హద్దు మొత్తం జానెడు ఉంటే గొప్ప. తూకం వెనక్కి పోయేకొద్దీ విమానం చిన్న కదలికకే తల ఎగరేస్తుంది. వేగం తగ్గి పడిపోతున్నప్పుడు ముక్కు కిందికి దిగదు. దిగకపోతే మళ్లీ వేగం పుంజుకోలేదు. గిరికీలు కొట్టడం మొదలైతే బయటపడటం కష్టం. అందుకే బాగా పేరున్న ‘ఆర్‌వీ-7’ కిట్‌లో సీట్ల వెనక అరకు 45 కిలోలే హద్దుగా పెట్టారు. ఒకరి వెనక ఒకరు కూర్చునే ‘ఆర్‌వీ-8’లో ముందొకటి, వెనకొకటి రెండు అరలుంటాయి. ఒంటరిగా వెళ్లేటప్పుడు సామాను ఎక్కడ పెట్టాలి, తోడు ఉంటే ఎలాగన్నది లెక్క చూసి సర్దుకోవచ్చు.

స్క్రూడ్రైవర్ దొరకలేదా? ఎగరొద్దు!

అరలో పెట్టిన సంచి కదలకుండా వల, కొక్కేలు ఉండాలి. విమానం ఒక్కసారిగా ఆగితే, ఆ కుదుపు గురుత్వాకర్షణకు తొమ్మిది రెట్లయితే, 20 కిలోల సంచి 180 కిలోల బలంతో ముందున్నవాళ్ల తలల మీదకి దూసుకొస్తుంది. అర నేలకి మూత తప్పనిసరి. ఎందుకంటే తోకను కదిలించే కడ్డీలు, తీగలు చాలా విమానాల్లో సీట్ల కింద నుంచి, అర కింద నుంచే వెళ్తాయి. సందులోంచి జారిన పెన్నో, నట్టో వాటి మధ్య ఇరుక్కుంటే స్టిక్ బిగుసుకుపోతుంది. అందుకే సీట్లు బిగించే రోజు పనిముట్లన్నీ లెక్కపెట్టి తీసుకెళ్తారు, లెక్కపెట్టి వెనక్కి తెస్తారు. ఒక్క స్క్రూడ్రైవర్ తగ్గినా బిగించిన సీట్లు మళ్లీ విప్పాల్సిందే.

అంతా పూర్తయ్యాక విమానాన్ని మూడు కాటాల మీద నిలబెట్టి తూస్తారు. సీట్లు, తివాచీ, అరల మూతలు... అన్నీ బిగించాకే. ముచ్చటపడి వేసిన తోలు కవర్లు, తలుపు జేబులు ఎన్ని కిలోలు మింగాయో అప్పుడు బయటపడుతుంది. ఇంట్లో విమానం కట్టేవారి మధ్య ఓ చతురు ఉంది- తొంభై శాతం పని అయిపోయింది, ఇంకా తొంభై శాతమే మిగిలిందని! ఆ రెండో తొంభైలో ఎక్కువ భాగం ఇలాంటి పనులే.

పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ రన్‌వే మీద 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు దిగేవి. ఆ రోజుల్లో వాటిని చూడ్డానికి పరిగెత్తిన పిల్లలు ఇప్పుడు తాతలైపోయి ఉంటారు. వాళ్ల మనవళ్లలో ఎవరికైనా విమానం కట్టాలన్న ముచ్చట పుడితే, మొదటి పాఠానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఊళ్లో ఇంకా ఎడ్లబండి ఉంటే దాని వెనక ఓ బస్తా వేసి, కాడి ఏమవుతుందో చూస్తే చాలు.