చల్లని నెత్తురు, చల్లారిన కోపం

శూరపద్ముడనే రాక్షసుణ్ణి సంహరించి వచ్చిన సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లారిన కొండ తిరుత్తణి అని స్థలపురాణం. తమిళంలో ‘తణి’ అంటే చల్లారడమే. స్కందషష్ఠికి మిగతా సుబ్రహ్మణ్యస్వామి గుళ్లలో శూరసంహారం జరిపిస్తే, ఇక్కడ స్వామికి పుష్పాంజలి చేస్తారు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిన ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. అలాంటి ఇంట్లో ఇంగ్లీషు పేపరు తెరిచిన పిల్లాడికి ‘కోల్డ్ బ్లడెడ్ మర్డర్’ కనిపిస్తే తికమకే. నెత్తురు చల్లబడ్డాక ఇంకా చంపడమేమిటి?

అపోహ: నెత్తురు చల్లగా ఉందంటే కోపం లేదని, నేరం తేలికదని.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. ఆవేశం వస్తే ఒంట్లో నెత్తురు వేడెక్కుతుందని పూర్వం యూరప్‌లో నమ్మేవారు. ఆ వేడి కూడా లేకుండా, తాపీగా ఆలోచించి చంపడం మరీ ఘోరమన్నది ఆ మాటలోని అర్థం. ‘రక్తం ఉడికిపోయింది’ అని మనమూ అంటాం గానీ, చల్లని నెత్తురుతో చంపడమనే రెండో సగం మన దగ్గర లేదు. ‘చల్లని రక్తపు హత్య’ అని రాస్తే తెలుగు కాదు. ‘పథకం వేసి, నిర్దయగా చంపారు’ అంటే సరిపోతుంది.

అపోహ: ఇలాంటి మాటల పక్కన క్రియ ఏదైనా పరవాలేదు, అర్థమైతే చాలు.

వాస్తవం: మనం దెబ్బ తింటాం, హింస పెడతాం. ఈ జోడీలను ఎవరూ విడదీయరు. ఇంగ్లీషులోనూ అంతే: మర్డర్‌ను ‘కమిట్’ చేస్తారు, గాయాన్ని ‘ఇన్‌ఫ్లిక్ట్’ చేస్తారు, గాయపడినవాడు దాన్ని ‘సస్టెయిన్’ చేస్తాడు. ‘గివ్ ఇంజురీ’ అనరు.

అపోహ: నెత్తురు ధారకడితేనే ‘గ్రీవస్ హర్ట్’ (తీవ్ర గాయం).

వాస్తవం: భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ఎనిమిది రకాలను లెక్కపెట్టి చెప్పింది. చుక్క నెత్తురు రాకున్నా ఎముక విరిగితే అందులోకే వస్తుంది. పన్ను విరిగినా అంతే. తమిళనాడులోని తిరువళ్లూరు కోర్టులోనైనా, ఆంధ్రలోని చిత్తూరు కోర్టులోనైనా ఇదే లెక్క.

అపోహ: ‘సావేజ్ అటాక్’లో ఉన్నది క్రూరత్వం ఒక్కటే.

వాస్తవం: ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం ‘అడవికి చెందిన’ అని. మన ‘కిరాతకం’ కూడా అడవిలో వేటాడి బతికే కిరాతుల పేరు మీదే పుట్టింది. ఎవరో పట్నంలో చేసిన ఘోరానికి అడవి మనుషుల పేరు పెట్టడం అన్యాయం. తిరుత్తణి స్వామి చేపట్టిన వల్లి వేటగాళ్ల ఇంట పెరిగిన పిల్లే. వార్తలో ‘కిరాతకంగా’ తీసేసి ‘క్రూరంగా’ అని రాస్తే, జరిగిన ఘోరం రవ్వంత కూడా తగ్గదు.