మీకు తెలుసా? గంట కొట్టే ముందు మూడు నిమిషాలు

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో కళాఖండాన్ని ఎంతసేపు చూస్తున్నారో ఇద్దరు పరిశోధకులు లెక్క తీస్తే, సగటున 27 సెకన్లని తేలింది. 2001లో అచ్చయిన లెక్క అది. చేతిలో స్మార్ట్‌ఫోన్ లేని కాలంలోనే అంత తొందర!

మన హైదరాబాద్ పాతబస్తీలో ఇందుకు పూర్తిగా భిన్నమైన దృశ్యం రోజూ కనిపిస్తుంది. దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు కావస్తుంటే పిల్లలూ పెద్దలూ కుక్ అండ్ కెల్వీ గడియారం ముందుకు చేరతారు. వేళకు 3 నిమిషాల ముందు గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. కమ్మరి బొమ్మ మాత్రం సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటుంది. ఊరూ భాషా మతమూ వేరైన ఇంతమంది ఒకే చిన్న కదలిక కోసం కళ్లప్పగించి కూర్చోవడం నాకు ఈ నగరంలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం.

ఇలా వర్తమానంలో మనసు నిలపడమనే విద్యకు ఇప్పుడు ప్రపంచమంతా తరగతులు నడుస్తున్నాయి. మన హైదరాబాద్‌లోనూ నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్తలో 1976 నుంచి పది రోజుల విపశ్యన శిబిరాలు జరుగుతున్నాయి. అక్కడ మొదటి మూడు రోజులూ నేర్పేది ఊపిరి రాకపోకలను గమనించడమే.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. అష్టావధానంలో ఘంటా గణనం ఉంటుంది కదా! ఒక పృచ్ఛకుడు ఉండుండి గంట కొడుతుంటాడు. అవధాని పద్యాలు చెబుతూనే ఆ దెబ్బలు లెక్కపెట్టుకుని చివర్లో మొత్తం ఎన్నో చెప్పాలి. అంతకన్నా కష్టం అప్రస్తుత ప్రసంగితో. అతని పనే ధ్యాస చెడగొట్టడం. మంచి అవధాని అతన్ని విసుక్కోడు, నవ్వుతూ జవాబిచ్చి, వదిలిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. మనసు దారి తప్పితే తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోమని ధ్యాన గురువులు చెప్పేదీ అదే.

సాలార్‌జంగ్ మ్యూజియంలోనే మరో పాఠం ఉంది. ఒకే మొద్దులో చెక్కిన జంట శిల్పం. ఎదురుగా తల ఎత్తి నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో ప్రార్థన పుస్తకంతో తల వంచిన మార్గరెట్టా. ఇద్దరూ గెథే ‘ఫౌస్ట్’ నాటకంలోని పాత్రలే. అద్దంలోకి చూడకుండా వెళ్లిపోయిన వాళ్లకు శిల్పంలో సగమే దక్కుతుంది. అలాగే ఇంట్లో కోడలి మాటైనా, బజారులో బేరగాడి మాటైనా వినేటప్పుడు అవతలి ముఖం కూడా చూసే ఓపిక మనకు కావాలి.

ఇదే మ్యూజియంలోని ‘ముసుగు రెబెకా’ పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముఖం మీది పలచని మేలిముసుగు కూడా రాయేనని నమ్మాలంటే 27 సెకన్లు చాలవు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా ఏ రోజైనా పావుతక్కువ పన్నెండుకే వెళ్లి కూర్చోండి, ఫోను జేబులోనే ఉంచి ఆ పన్నెండు దెబ్బలూ లెక్క తప్పకుండా వినండి.