పాత డిస్కు ఆగితే పనంతా గల్లంతు

రాజమండ్రి: శుభలేఖలు, కరపత్రాలు వేసే గోదావరి జిల్లాల డీటీపీ షాపుల్లో కొన్నిచోట్ల పాత కంప్యూటర్లే ఇంకా నడుస్తున్నాయి. కారణం లేకపోలేదు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు విండోస్ ఎక్స్‌పీలో చక్కగా పనిచేస్తాయి. ఆ ఫాంట్లు లేనిచోట అదే ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఎక్స్‌పీకి మరమ్మతులు అందించడం మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మానేసింది.

ఇన్నేళ్ల పని అంతా ఉండేది హార్డ్ డిస్కులోనే. అందులోని పళ్లెం నిమిషానికి 5400 లేక 7200 చుట్లు తిరుగుతుంది. ఏదో ఒకనాడు అరిగి ఆగడం ఖాయం. టిక్కు టిక్కుమని చప్పుడు వస్తే ఇక వాడకుండా ఆపేయాలి.

అంతవరకు రానీయక, బాగున్నప్పుడే ఫైళ్లు, ఫాంట్లు, సిస్టంతో సహా డిస్కు మొత్తాన్ని మరో డిస్కులోకి యథాతథంగా ఎక్కించాలి. పాత 40 పిన్నుల డిస్కు దొరక్కపోతే చిన్న అడాప్టరుతో కొత్త సాటా డిస్కు బిగించవచ్చు. ఎక్కించిన నకలుతో కంప్యూటరు నడుస్తోందో లేదో ఒకసారి చూసుకోవాలి. ఇంకో నకలు వేరే ఊళ్లో బంధువుల ఇంట దాచాలి. 1986 వరదలు, 1996 తుఫాను చూసిన డెల్టా ఇది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.