పేట స్టేషన్ గంట – మా ఇంటి జ్ఞాపకాల్లో పాత ఠాణా

ఈ ఎపిసోడ్‌లో మన ఊళ్ళల్లో ఉండే పాత పోలీస్ స్టేషన్ల గురించి మాట్లాడుకుందాం. క్రైమ్ కథలు కాదండి, ఆ పేటలో కాపురం ఉన్న కుటుంబాలకి ఆ స్టేషన్ ఎలా గుర్తుంది అనేది విషయం. నాకు ఈ ఆలోచన రావడానికి మా నాన్నగారి పాస్‌పోర్ట్ కారణం. అది ముందు చెప్తాను.

మా నాన్నగారికి డెబ్బై దాటాయి. మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది, ఒకసారి వెళ్ళి చూసొద్దామని పాస్‌పోర్ట్‌కి పెట్టాం. వెరిఫికేషన్‌కి స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. చాలా మర్యాదగానే, "పెద్దాయన్ని ఒకసారి స్టేషన్‌కి తీసుకురండి సార్, సంతకం పెట్టేసి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. ఆ మాట నాన్నగారికి చెప్పాను. ఆయన తింటున్న కంచం పక్కకి పెట్టేసి, "నాకు పాస్‌పోర్టూ వద్దు, ఏమీ వద్దు" అన్నారు. రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నారు. మూడోరోజు రాత్రి కూర్చోబెట్టి అడిగితే, అరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పని సంగతి బయటికొచ్చింది.

మాది అసలు కామవరపుకోట అండి. గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయే, ఆ మండలమే. మా ముత్తాత కాలంలో ఊళ్ళో ఏం జరిగినా ముందు తెలిసేది మునసబు గారికి, ఆయన కింద తలారికి. నేరం జరిగితే స్టేషన్‌కి కబురు పంపాల్సిన బాధ్యత చట్టప్రకారం గ్రామాధికారిదే. మామూలు రైతు పోలీసుని చూసేది తిరునాళ్ళ బందోబస్తులోనే. ఇప్పుడు కూడా మా మండలానికి స్టేషన్ తడికలపూడిలో ఉంది. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు తీసేసేదాకా పల్లెల్లో దాదాపు ఇదే పద్ధతి. అంటే పల్లెటూరి మనిషికీ స్టేషన్‌కీ మధ్య ఒక మనిషి ఉండేవాడు. వాడు మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి.

పట్నంలో ఆ మనిషి లేడు. మా తాతయ్య ఏలూరు వచ్చి బట్టల కొట్టులో గుమాస్తాగా చేరాడు, పేట స్టేషన్‌కి నాలుగిళ్ళ అవతల అద్దెకి దిగాడు. ఏ పేట, ఏ స్టేషన్ అనేది చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు జిల్లా కేంద్రం అయ్యింది కదా, ఆఫీసులూ కోర్టులూ అన్నీ ఉన్న ఊరు. ఇప్పటికీ ఏలూరులో ఎవరినైనా ఇల్లెక్కడండీ అంటే "వన్ టౌన్", "టూ టౌన్" అంటారు. బెజవాడలోనూ అంతే. గమనించారా, అవి పోలీస్ స్టేషన్ పరిధుల పేర్లు! స్టేషన్ పేరే మన అడ్రస్సు అయిపోయింది.

అడ్రస్సు ఒక్కటే కాదు, మన ఇంటి భాషలో స్టేషన్ మాటలు ఎన్ని దూరాయో చూడండి. మా మామ్మ మాట వినని మనవడిని "కేడీ వెధవ" అనేది. కేడీ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు. మద్రాసు రాజధాని పోలీసులు పాత దొంగల పేర్లు రాసుకునే రిజిస్టర్ ఉండేది, ఇంగ్లీషులో 'నోన్ డిప్రెడేటర్' అంటారు, అంటే తెలిసిన దోపిడీదారు. ఆ రెండు మాటల మొదటి అక్షరాలు కె, డి. అదే కేడీ. అలాగే ఫోర్‌ట్వంటీ. శిక్షాస్మృతిలో మోసానికి పెట్టిన సెక్షన్ నంబరు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చి మోసం 318వ సెక్షన్ కిందికి పోయింది. కానీ ఎవడైనా మోసం చేస్తే "వాడు త్రీ ఎయిటీన్ గాడు" అని అంటామా? అనం.

ఇక గంట. ఇది ఈ తరం పిల్లలకి అసలు తెలీదు. పాత స్టేషన్లలో, ట్రెజరీల దగ్గర పారా ఉండే జవాను గంటగంటకీ గంట కొట్టేవాడు. మా పేట స్టేషన్‌లో వరండా దూలానికి వేలాడే లోహపు పళ్ళెం, దాని పక్కనే చెక్క సుత్తి. ఇంట్లో గడియారం లేని రోజులు అవి. పొయ్యి వెలిగించడం, పిల్లల్ని బడికి తోలడం, రాత్రి తలుపు గడియ పెట్టడం అన్నీ ఆ గంట మీదే. మామ్మకి గంటలు లెక్కపెట్టడం అలవాటు. ఒక దెబ్బ తక్కువైతే "పారా వాడు కునుకు తీశాడు" అనేది. అంత దగ్గరితనం ఉండి కూడా, ఆవిడ జీవితంలో ఒక్కసారి ఆ గడప ఎక్కలేదు. ఆడవాళ్ళు ఠాణా మెట్టు తొక్కకూడదు అనేది ఆవిడ మాట. అది వట్టి పరువు మాట అనుకునేవాణ్ణి. తరవాత తెలిసింది, చట్టంలోనూ దానికి దగ్గరి మాట ఒకటి ఉంది. సాక్ష్యం కోసం ఆడవాళ్ళని స్టేషన్‌కి రప్పించకూడదు, పోలీసే వాళ్ళుండే చోటికి వెళ్ళి అడగాలి. పదిహేనేళ్ళ లోపు మగపిల్లలకీ అంతే. ఇప్పుడున్న చట్టంలో అరవై దాటిన పెద్దవాళ్ళని కూడా చేర్చారు. ఫిర్యాదు ఇవ్వడానికి మాత్రం ఎవరైనా వెళ్ళొచ్చు, దానికి ఆడా మగా లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. నాన్నగారికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కొట్టులో ఆ రోజు డబ్బు లెక్క తేలలేదు. సాయంత్రం దీపాల వేళ ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చి తాతయ్యతో "ఒకసారి రండి" అన్నాడు. అంతే మాట. తాతయ్య చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. రాత్రయినా రాలేదు. మామ్మ వెళ్ళదు కదా, అందుకని క్యారేజీలో అన్నం, పప్పు సర్ది నాన్నగారి చేతికిచ్చి పంపింది. వెళ్తే తాతయ్య లాకప్‌లో లేడు, వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. వెళ్ళమనీ అనలేదు. కొడుకుని చూసి తల పక్కకి తిప్పుకున్నాడట. అన్నం ముట్టలేదు. రైటరు మాత్రం "నువ్వింటికెళ్ళరా అబ్బాయ్, పొద్దున్నే వచ్చేస్తారు" అన్నాడు. అదే సమయానికి పారా వాడు తొమ్మిది కొట్టాడు.

ఆ రాత్రి నాన్నగారు పడుకుని గంటలు లెక్కపెట్టారు. పది, పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు, మూడు. "నాలుగు వినలేదురా, నిద్ర పట్టేసింది" అన్నారు నాతో. అరవై ఏళ్ళ తరవాత కూడా, నిద్రపోవడం ఏదో తన తప్పన్నట్టు చెప్పారు.

పొద్దున్న ఇంకో పద్దు పుస్తకంలో ఆ డబ్బు కనిపించింది. పంపించేశారు. తాతయ్య నూతి దగ్గర నాలుగు చేదలు పోసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కామవరపుకోట బస్సెక్కేశాడు. పది రోజులు రాలేదు. పక్కింటివాళ్ళు అడిగితే "పొలం పనికి ఊరెళ్ళారండి" అంది మామ్మ. ఆ ఒక్క వాక్యమే మా ఇంటి అధికారిక చరిత్ర అయిపోయింది. నేను కూడా చిన్నప్పటి నుంచి, తాతయ్య ఓసారి పొలం మీద బెంగతో ఉద్యోగం వదిలి వెళ్ళాడట అనే వింటూ పెరిగాను.

ఇప్పుడు కాస్త చట్టం మాట్లాడుకుందాం. ఎందుకంటే నాన్నగారు అరవై ఏళ్ళు మోసింది సిగ్గు. నిజానికి సిగ్గుపడాల్సింది తాతయ్య కాదు అని నాకు తేల్చి చెప్పాలనిపించింది.

స్టేషన్ అంటే ప్రాణం లాంటిది జనరల్ డైరీ. వచ్చిన ఫిర్యాదు, తీసుకొచ్చిన మనిషి, పారా మార్పు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు, అన్నీ సమయంతో సహా అందులో రాయాలి. అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. మరి తాతయ్యది అరెస్టా? కాదంటారు. విచారణకి పిలిచారా? అలా పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. "ఒకసారి రండి" అనేది రెండూ కాదు. డైరీలో ఎక్కకుండా మనిషిని ఒక రాత్రి బల్ల మీద కూర్చోబెట్టే మాట అది. ఈ బల్లకి చట్టంలో పేరు లేదండి. అందుకే అక్కడ కూర్చున్న మనిషి ఎవరికి చెప్పుకోవాలో తెలియక, బయటికొచ్చి బస్సెక్కేస్తాడు. అరెస్టు చేస్తే కాగితం రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలి, డైరీలో ఎక్కించాలి అని సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో వివరంగా చెప్పింది 1996 డిసెంబర్‌లో. తాతయ్య అప్పటికే లేడు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే నాకు మరీ ఆశ్చర్యం వేసింది. మన ప్రాంతంలో ఇప్పుడున్న రూపంలో పోలీసు శాఖ పుట్టిందే హింస మీద ఒక విచారణ జరిగాక. కంపెనీ కాలంలో మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు, పోలీసు పని రెండూ ఒకే చేతిలో, అంటే తాసీల్దారు, ఆయన బంట్రోతుల చేతిలో ఉండేవి. శిస్తు కట్టనివాణ్ణీ, దొంగతనం ఒప్పుకోనివాణ్ణీ వంచి తాళ్ళతో కట్టి ఎండలో ఉంచడం, చేతివేళ్ళు కర్ర పలకల మధ్య పెట్టి నొక్కడం జరిగేది. దీని మీద కమిషన్ వేశారు. అది 1855లో నివేదిక ఇచ్చింది. ఆ తరవాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. రెవెన్యూ నుంచి పోలీసుని విడదీశారు, విలియం రాబిన్సన్ మొదటి ఇన్స్పెక్టర్ జనరల్ అయ్యాడు. దేశం మొత్తానికి తెచ్చిన 1861 చట్టం కన్నా మనది రెండేళ్ళు ముందు. పోలీసు ముందు ఒప్పుకున్నమాట కోర్టులో చెల్లదనే నియమం కూడా ఆ కాలానిదే. అంటే దొర తన పోలీసుని తనే నమ్మలేదన్న మాట! అప్పట్లో స్టేషన్‌కి పెద్ద హెడ్ కానిస్టేబులే. 1902లో వేసిన పోలీసు కమిషన్ సిఫార్సు చేశాకే స్టేషన్‌ బాధ్యత ఎస్సైకి వచ్చింది. పెద్దవాళ్ళు ఎస్సై కన్నా "హెడ్డు" అంటే ఎక్కువ హడలిపోయేది ఆ పాత అలవాటే అనుకుంటాను నేను.

స్టేషన్‌లో పుస్తకం ఎంత ముఖ్యమో మన్యంలో అల్లూరి సీతారామరాజుకి బాగా తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు స్టేషన్ల మీద పడ్డారు. తుపాకులు పట్టుకుపోవడమే కాదు, ఏమేం తీసుకెళ్తున్నారో అక్కడి రికార్డులో రాసి సంతకం పెట్టి వెళ్ళారు. దొంగ రాయడు కదండీ. నేను దొంగని కాను అని ఆ రాత చెబుతోంది. మా తాతయ్యకి దక్కనిది ఆ ఒక్క గీతే. వచ్చినట్టూ రాయలేదు, వెళ్ళినట్టూ రాయలేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉంటాయి. పెద్దవాళ్ళని "స్టేషన్‌లో ఏం జరిగింది" అని నేరుగా అడిగితే చెప్పరు, నేను అడిగి చూశాను. గంట గురించి అడగండి. క్యారేజీ ఎవరు పట్టుకెళ్ళేవారో అడగండి. రైటరు ఎలా ఉండేవాడో అడగండి, రైటరు దాదాపు అందరికీ గుర్తుంటాడు. పాత డైరీలు శాశ్వతంగా ఉంచరు కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కేసు కట్టి ఉంటే మాత్రం కోర్టు కాగితాల జాడ దొరకొచ్చు. అన్నట్టు ఇవాళ మీరు ఫిర్యాదు ఇస్తే ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అది అడిగి తీసుకుని ఇంట్లో దాచుకోండి.

పాస్‌పోర్ట్ ఏమైందని అడుగుతారు కదా. నేను ఆ కానిస్టేబుల్‌కి ఫోన్ చేసి, నాన్నగారు పెద్దాయన, రాలేరండి అన్నాను. కారణం చెప్పలేదు. "దాందేముంది సార్, నేనే వస్తా" అని మర్నాడు బండి మీద వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. కాఫీ తాగాడు, ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు, సంతకం పెట్టించుకున్నాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. నాన్నగారు అంతసేపూ కుర్చీ చివర కూర్చునే ఉన్నారు. అతను చెప్పులు తొడుక్కుంటుంటే మాత్రం లేచి గుమ్మం దాకా వచ్చి అడిగారు.

"బాబూ, మీ స్టేషన్‌లో రాత్రిళ్ళు గంట ఇంకా కొడతారా?"

ఆ అబ్బాయి నా వంక చూశాడు. "గంటా? ఏం గంటండీ?" అన్నాడు.

ఇవాళ్టికి ఇంతేనండి.