సిక్కు మతం: పుట్టుక, సమానత్వం, కులం

సిక్కు మతమంటే కేశాలు, కృపాణం అనే చాలామందికి తెలుసు. ఈ చిహ్నాలు నియమాలుగా స్థిరపడింది 1699 తర్వాతే. అంతకు ముందు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఏ పరిస్థితులు ఈ మతాన్ని పుట్టించాయి?

గురు నానక్ 1469లో లాహోరు ప్రాంతంలోని తల్వండిలో, ఖత్రీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి గ్రామ లెక్కలు రాసే ఉద్యోగి. నానక్ కూడా సుల్తాన్‌పూర్‌లో నవాబు ధాన్యపు కొట్టులో లెక్కలు చూశాడు. లోడీల పాలన కూలడం, బాబరు సేనలు ఊళ్లు దోచడం ఆయన జీవితకాలంలోనే జరిగాయి. ఆ దాడిపై ఆయన పదాలు కట్టాడు. దేవుడు ఒక్కడే, పుట్టుకతో హెచ్చుతగ్గులు లేవు అన్నాడు. ఈ మాట కబీరు, రవిదాసు వంటి శ్రామికులు అప్పటికే పాడుతున్నదే. దానికి ఒక నిర్మాణం ఇవ్వడం నానక్ ప్రత్యేకత. కర్తార్‌పూర్‌లో వ్యవసాయం చేస్తూ, అన్ని కులాలవారూ ఒకే పంక్తిలో కూర్చుని తినే లంగరు నడిపాడు. సన్యాసాన్ని కాదని, కష్టపడి సంపాదించి పంచుకు తినమన్నాడు. 1539లో మరణించే ముందు కొడుకులను కాదని శిష్యుడు అంగదుణ్ణి వారసుడిగా నిలిపాడు.

1604లో ఐదవ గురువు అర్జన్ కూర్చిన గ్రంథంలో నేతగాడు కబీరుకు, చర్మకారుడు రవిదాసుకు, సూఫీ ఫరీదుకు చోటు దొరికింది. 1606లో జహంగీరు, 1675లో ఔరంగజేబు ఇద్దరు గురువులను చంపించారు. ఈ అణచివేత భక్తుల సమూహాన్ని సాయుధ సమూహంగా మార్చింది. 1699లో గురు గోవింద్ సింగ్ ఆనంద్‌పూర్‌లో ఖాల్సాను స్థాపించాడు. తల ఇస్తామని మొదట లేచిన ఐదుగురిలో నీళ్లు మోసేవాడు, బట్టలద్దేవాడు, బీదరు మంగలి ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. గోవింద్ సింగ్ 1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో మరణించాడు. ఆ ఊరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే.

అయితే పంక్తిలో పోయిన కులం పొలంలో పోలేదు. భూమి ప్రధానంగా జాట్ల చేతుల్లో ఉండిపోయింది. మజహబీ సిక్కుల్లో అత్యధికులు కూలీలుగానే మిగిలారు. 1920 అక్టోబరులో అమృత్‌సర్ స్వర్ణమందిరంలో, కొత్తగా దీక్ష పుచ్చుకున్న దళితులు తెచ్చిన ప్రసాదాన్ని పూజారులు నిరాకరించారు. ఆ ఘర్షణతో గురుద్వారాలను మహంతుల నుంచి విడిపించే ఉద్యమం ఊపందుకుంది. 1925లో గురుద్వారాల చట్టం వచ్చింది. కులం లేదన్న మతంలోని దళితుల్లో కొన్ని కులాలకు 1950లో, మిగిలినవాటికి 1956లో షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వవలసి వచ్చింది.

నానక్ బోధ అబద్ధమని దీని అర్థం కాదు. కలిసి తినే చోట అది కులాన్ని వెనక్కి నెట్టింది. భూమి సంబంధాలు మారని చోట కులమే నిలిచింది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే సిక్కు చరిత్ర మనకు వీరగాథగానో మతప్రచారంగానో మాత్రమే మిగులుతుంది.