ఉల్క తాకిన నేల గాజైన వైనం

తొలకరి జల్లులకు పైమట్టి కొట్టుకుపోగానే, పూర్వపు కృష్ణా జిల్లాలోని నందిగామ, జగ్గయ్యపేట మెట్టసీమలో మెరిసే రాయి ఏది కనబడినా మనిషి చూపు అక్కడే నిలుస్తుంది. పరిటాల వజ్రపు గనులు గోల్కొండ రాజ్యకాలంలోనే ప్రసిద్ధికెక్కాయి. గుడిమెట్లలో వజ్రాల అన్వేషణ నేటికీ సాగుతున్నది. వజ్రం భూగర్భంలో 150 కిలోమీటర్లకు మించిన లోతున జన్మించి పైకి వచ్చిన రాయి. ఇందుకు భిన్నంగా, ఆకాశం నుండి తగిలిన దెబ్బకు నేల మీదనే పుట్టిన మెరుపు మరొకటి ఉన్నది. అదే ఉల్కాఘాత గాజు.

బృహత్తరమైన ఉల్క సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గని వేగంతో భూమిని తాకుతుంది. ఆ వేగం క్షణకాలంలో ఉష్ణంగా మారి శిలలను కరిగిస్తుంది. కరిగిన ద్రవం స్ఫటికాలుగా రూపొందే వ్యవధి లేక, చప్పున చల్లారి గాజవుతుంది. దూరంగా ఎగిరిపడిన ఇట్టి గాజు ముక్కలకే టెక్టైట్లని పేరు. ఇవి చంద్రుని నుండి రాలినవని కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. 1969లో తెచ్చిన చంద్రశిలలతో వీటి కూర్పు సరిపోలలేదు. గాజులో అధికభాగం భూమిదే, ఉల్క పాలు అత్యల్పం.

కనుకనే ఏ నేల కరిగితే ఆ నేల గుణమే గాజు రంగులో కనిపిస్తుంది. ఇందులో ఇనుముది ముఖ్యపాత్ర. లిబియా ఎడారి గాజులో సిలికా సుమారు 98 శాతం, ఇనుము అత్యల్పం. అందుచేత అది లేత పసుపు. ఈజిప్టు రాజు టూటన్‌ఖామన్ ఆభరణంలోని పేడపురుగు ప్రతిమను దానితోనే చెక్కారు. సుమారు 1.48 కోట్ల ఏళ్ల క్రితం జర్మనీలోని రీస్ వద్ద జరిగిన ఆఘాతంలో పుట్టి, నేటి చెక్ దేశంలో పడిన మోల్డవైట్‌లో ఇనుము కొంత ఉన్నది. దాని రంగు ఆకుపచ్చ. ఆగ్నేయాసియా టెక్టైట్లలో ఇనుము మరింత ఎక్కువ. అవి నల్లగా తోచినా, పలుచని అంచును వెలుగుకు ఎదురుగా పట్టితే గోధుమవర్ణం తొణికిసలాడుతుంది.

మన పొరుగున మహారాష్ట్రలోని లోణార్ సరస్సు ఇందుకు ప్రత్యక్ష నిదర్శనం. సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసం గల ఆ బిలం ఇనుము మెండుగా గల బసాల్ట్ నల్లరాతిలో ఏర్పడింది. అక్కడి గాజు కూడా నలుపే.

పచ్చసీసా గాజును అచ్చులో పోసి మోల్డవైట్‌గా అమ్మే మోసగాళ్లు నేడు లోకమంతటా ఉన్నారు. సహజ మోల్డవైట్‌ను భూతద్దంతో చూస్తే కరిగిన సిలికా తీగలు మెలికలు తిరిగి కానవస్తాయి. రంగు చూసి వెలకట్టేవాడు మోసపోవచ్చు; ఆ రంగుకు కారణం తెలిసినవాడు రాతిని పరీక్షించి గాని నమ్మడు.